మొదటి సెమిస్టర్ అయ్యింది, టెక్సాస్ కాలేజీకి మారితే లోన్ నిజంగా తగ్గుతుందా?

ధర్మపురి_పిల్ల
2025 డిసెంబర్ 9

అందరికీ నమస్తే. పోస్ట్ పెద్దదే. సగం చెప్తే సగం సలహాలే వస్తాయని అంతా రాస్తున్నా.

మాది జగిత్యాల జిల్లా. ఈ ఆగస్టులో డేటా సైన్స్ ఎంఎస్ కోసం మసాచుసెట్స్ వచ్చాను. ప్రైవేట్ యూనివర్సిటీ, పేరు వద్దులెండి, మా క్లాస్ వాళ్ళు కూడా ఇక్కడ తిరుగుతుంటారు. కోర్సు మొత్తం 36 క్రెడిట్లు, క్రెడిట్‌కి 1,450 డాలర్లు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు, అంటే 9 క్రెడిట్లకి 13,050 కట్టేశాం. ఇంకా 27 ఉన్నాయి.

లోన్ ప్రభుత్వ బ్యాంకులో. 60 లక్షలు శాంక్షన్, వడ్డీ 10.15 శాతం, ఇల్లు తనఖా. ఫీజు, రూమ్ అడ్వాన్స్, టికెట్, మొదటి నెలల ఖర్చు అన్నీ కలిపి ఇప్పటికి 15.5 లక్షలు తీసుకున్నాం. దాని మీద వడ్డీయే నెలకి 13 వేలు. చదువు అయ్యేదాకా కట్టమని బ్యాంకు అడగదు, కానీ ఆటో మీటర్ లాగా తిరుగుతూనే ఉంటుంది కదా. పైగా శాంక్షన్ అయినప్పుడు డాలర్ 85, ఇప్పుడు 90. బ్యాంకు ఇచ్చేది రూపాయల్లో, కాలేజీ అడిగేది డాలర్లలో. 60 లక్షలు చివరిదాకా రావని నవంబర్‌లోనే అర్థమైంది. అప్పటినుంచి నిద్ర సరిగ్గా లేదు.

అక్టోబర్‌లో టెక్సాస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీకి, ఇంట్లో చెప్పకుండా, అప్లై చేసి పెట్టాను. పోయిన వారం స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్) అడ్మిషన్ వచ్చింది. అక్కడ చదువుతున్న మా సీనియర్ చెప్పేదేంటంటే, డిపార్ట్‌మెంట్ నుంచి వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే చాలట, మనకి కూడా ఇన్-స్టేట్ ఫీజే, అంటే ఆ రాష్ట్రం వాళ్ళు కట్టే తక్కువ ఫీజు. అన్నీ కలుపుకుని క్రెడిట్‌కి 720. 1,450 ఎక్కడ, 720 ఎక్కడ! 27 క్రెడిట్లకి తేడా 19,710 డాలర్లు, మన డబ్బుల్లో దాదాపు 17 లక్షల 70 వేలు. రూమ్ కూడా చవక. ఇక్కడ నలుగురం కలిసి ఉన్నా అద్దె, తిండి, ఫోన్ అన్నీ చూసుకుంటే నెలకి 1,250 అవుతోంది. అక్కడ 900లో అయిపోతుందట.

టైమ్ లేదు. ఇక్కడ స్ప్రింగ్ ఫీజు జనవరి మొదటి వారంలో కట్టాలి, అక్కడ క్లాసులు జనవరి 20 ప్రాంతంలో మొదలు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్న 2001 నుంచి 2018 దాకా దుబాయ్‌లో షట్టరింగ్ కార్పెంటర్. వీసా కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఏజెంట్‌కి కట్టాడు. మొదటి రెండేళ్ళ జీతం ఆ మిత్తికే పోయింది. తర్వాత మిగిలిన దానితో కట్టిందే ఇప్పుడు బ్యాంకులో పెట్టిన ఇల్లు. గల్ఫ్‌లో కంపెనీ వదిలేసి బయటపడ్డవాణ్ణి ఖల్లివెల్లి అంటారు, మా వైపు అందరికీ తెలిసిన మాటే. కాలేజీ మారుతున్నా అంటే నాన్నకి ముందు వినపడేది అదే.

లోన్ ఉండగా మారినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బ్యాంకు ఒప్పుకుంటుందా? వీసా మీద పాత కాలేజీ పేరే ఉంటుంది కదా, ఇబ్బంది అవుతుందా?

ఇర్వింగ్_నైట్_షిఫ్ట్
2025 డిసెంబర్ 9

చెల్లీ, నేను 2022లో న్యూజెర్సీ నుంచి ఇటే, టెక్సాస్‌కే మారాను. నీ పోస్ట్ చదువుతుంటే నా పాత ఎక్సెల్ షీట్ గుర్తొచ్చింది. నేను చేసిన తప్పే నువ్వూ చేశావు.

నీకు మిగిలేది 27 కాదు. కొత్త కాలేజీ నీ 9 క్రెడిట్లూ తీసుకుంటుందని ఎవరు చెప్పారు? ఎంఎస్‌లో చాలా చోట్ల 6, మహా అయితే 9 తీసుకుంటారు. అది కూడా బీ గ్రేడ్ లేదా అంతకన్నా పైన ఉండాలి, వాళ్ళ సిలబస్‌లో దానికి సరిపోయే సబ్జెక్టు ఉండాలి. నాకు స్టాటిస్టిక్స్, డేటాబేస్ తీసుకున్నారు, ప్రోగ్రామింగ్ బేసిక్స్ క్లాసు తోసేశారు. నీకు 6 తీసుకుంటారు అనుకుందాం. అప్పుడు మిగిలేది 30. ఆ ఒక్క సబ్జెక్టుకి మసాచుసెట్స్‌లో కట్టిన 4,350 డాలర్లు గోవిందా.

ఇంకా పెద్ద సంగతి. 30ని సెమిస్టర్‌కి 9 చొప్పున చేస్తే మూడు సెమిస్టర్లకి 27 అవుతాయి, ఒక్క కోర్సు మిగిలిపోతుంది. దాన్ని 2026 సమ్మర్‌లో చేశావా సరే, 2027 మేలోనే బయటపడతావు. ఆ సమ్మర్‌లో నీకు కావలసిన కోర్సు పెట్టలేదనుకో, 2027 డిసెంబర్ దాకా కూర్చోవాలి. ఏడు నెలలు, నెలకి 900 చొప్పున 6,300. జనవరి నుంచి 17 నెలలకి రూమ్, తిండిలో నువ్వు ఆదా చేసేదే 5,950. ఒక్క మూడు క్రెడిట్ల క్లాసు అదంతా మింగేస్తుంది. కాబట్టి సమ్మర్‌లో ఏ కోర్సులు పెడతారో ఇప్పుడే మెయిల్ పెట్టి అడుగు.

స్కాలర్‌షిప్ సంగతి పుకారు కాదు, టెక్సాస్ చట్టంలోనే ఉంది. ఏడాదికి కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ ఉంటే బయటివాళ్ళు కూడా ఇన్-స్టేట్ ఫీజు కట్టవచ్చు. కానీ అది పోటీలో గెలిచినదై ఉండాలి, ఆ పోటీలో టెక్సాస్ వాళ్ళు కూడా ఉండాలి, ఎంతమందికి ఇవ్వాలో దానికీ పరిమితి ఉంది. మీ సీనియర్‌కి వచ్చింది కదా అని నీకు వచ్చినట్టు కాదు. నీ అడ్మిషన్ లెటర్‌లో ఆ మాట ఉందా? లేకపోతే 720ని కాదు, అవుట్-ఆఫ్-స్టేట్ రేటుని పెట్టి లెక్క మళ్ళీ వెయ్యి.

వీసా గురించి భయం వద్దు. స్టాంప్ మీద పాత పేరున్నా గడువు ఉన్నంతకాలం పనికొస్తుంది, కొత్త కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం చేతిలో ఉండాలంతే. సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డులుండే ప్రభుత్వ సిస్టమ్) ఫీజు మళ్ళీ కట్టనక్కర్లేదు. మీ డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర రిలీజ్ డేట్, అంటే నీ రికార్డు కొత్త కాలేజీకి వెళ్ళే తేదీ, పెట్టించుకోవాలి. ఆ తేదీ వచ్చేదాకా మనసు మారితే రద్దు చేసుకోవచ్చు, తేదీ దాటితే రికార్డు వాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది. అదే రోజు నుంచి పాత క్యాంపస్‌లో ఉద్యోగం కూడా బంద్. సరిగ్గా చేస్తే ఇందులో ఖల్లివెల్లి ఏమీ లేదని మీ నాన్నకి చెప్పు.

ధర్మపురి_పిల్ల
2025 డిసెంబర్ 10

అన్నా, చాలా థ్యాంక్స్. లెటర్ మళ్ళీ చదివాను. స్కాలర్‌షిప్ అన్న మాటే లేదు. "పరిశీలిస్తాం" అని కూడా లేదు. అవుట్-ఆఫ్-స్టేట్ అయితే అన్నీ కలిపి క్రెడిట్‌కి 1,150 పడుతుంది. 30 క్రెడిట్లకి 34,500. ఇక్కడే ఉంటే 27కి 39,150. తేడా 4,650 డాలర్లే. స్కాలర్‌షిప్ వస్తే 21,600, అప్పుడు తేడా 17,550. నా పదిహేడు లక్షల కల రాత్రికి రాత్రి నాలుగు లక్షలకి వచ్చింది.

అక్కడి గ్రాడ్ కోఆర్డినేటర్‌కి (పీజీ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్ళు) మూడు ప్రశ్నలతో మెయిల్ పెట్టాను: ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు, స్ప్రింగ్‌కి స్కాలర్‌షిప్ ఉందా, సమ్మర్‌లో ఏ కోర్సులు పెడతారు.

వడ్డీ_లెక్కల_తాతయ్య
2025 డిసెంబర్ 10

అమ్మా, నేను ప్రభుత్వ బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఆరేళ్ళు లోన్ల సీట్లోనే. బ్యాంకు వైపు మాట మాత్రం చెప్తాను, అమెరికా కాలేజీల సంగతి నాకు తెలియదు.

మీకు శాంక్షన్ అయింది ఒక కాలేజీకి, ఒక కోర్సుకి. కాలేజీ మారితే లోన్ రద్దు కాదు. అలాగని దానంతట అది కొత్త కాలేజీకి పోదు కూడా. కొత్త అడ్మిషన్ లెటర్, కొత్త ఐ-20, కొత్త ఫీజు వివరాలు, ఎందుకు మారుతున్నారో ఒక ఉత్తరం, ఇవన్నీ బ్రాంచికి ఇవ్వాలి. కో-అప్లికెంట్‌గా మీ నాన్నగారు వెళ్ళి సంతకాలు పెట్టాలి. శాంక్షన్ ఇచ్చిన అధికారి స్థాయికి ఫైలు మళ్ళీ వెళ్ళి రావాలి. అది తిరిగొచ్చేదాకా కొత్త కాలేజీకి ఒక్క రూపాయి పోదు. ఎన్ని రోజులు అంటే ఏం చెప్పను, మేనేజరు సెలవులో ఉన్నాడా, సంక్రాంతి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. జనవరి 20కి క్లాసులు అంటున్నారు, మధ్యలో భోగి, సంక్రాంతి, కనుమ. నేను మిమ్మల్ని భయపెట్టడం లేదు, ఆ ఫైళ్ళు నేనే పక్కన పెట్టినవాణ్ణి.

కాబట్టి మీ నాన్నగారికి చెప్పకుండా ఇది జరిగే పని కాదు. ఆయన సంతకం లేకుండా ఒక్క అడుగు పడదు. ఈ రోజే చెప్పండి.

రెండో మాట. చదువుకునే కాలంలో పడేది సాధారణ వడ్డీ, వడ్డీ మీద వడ్డీ కాదు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది గడువు ఉంటుంది. అది ముగిశాక పేరుకున్న వడ్డీ అంతా అసల్లో కలుస్తుంది, అక్కడినుంచి కిస్తీ మొదలు. మీరు మొత్తం 60 వాడేస్తే 2028 మేకి సుమారు 72 లక్షలు అవుతుంది. పదేళ్ళకి అయితే కిస్తీ నెలకి 95 వేల పైన, పదిహేనేళ్ళకి అయితే 78 వేలు. ఈ అంకె ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఏ సలహా విన్నా ఈ అంకె ఎంత తగ్గుతుంది అని ముందు అడగండి.

ఇప్పుడు పడే 13 వేలు నెలనెలా కట్టగలిగితే కట్టండి. చదువుకునే కాలంలో వడ్డీ కడుతూ పోతే రేటులో ఒక శాతం తగ్గించే ఏర్పాటు విద్యా రుణాల నమూనా పథకంలో ఉంది. మీ శాంక్షన్ లెటర్‌లో ఆ షరతు ఉందో లేదో చూడమనండి. చాలామంది ఆ లెటర్‌ని చదవకుండానే సంతకం పెడతారు, చెప్తే నమ్మరు.

ఫాస్ట్_ట్రాక్_గురు
2025 డిసెంబర్ 11

సిస్టర్, ఇంత లెక్కలు ఎందుకు. ట్రాన్స్‌ఫర్‌కి వేరే కాలేజీలు ఉన్నాయి, సెమిస్టర్‌కి 4 వేలు, మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూనే బయట పనిచేసే అనుమతి), క్లాసుకి నెలకి ఒక్కసారి వెళ్తే చాలు. ఫుల్ టైమ్ ఉద్యోగం చేసుకుంటూ లోన్ కట్టేయొచ్చు. ఇన్‌బాక్స్‌కి రండి, అప్లికేషన్ ఫ్రీ.

ఇర్వింగ్_నైట్_షిఫ్ట్
2025 డిసెంబర్ 11

గురుగారూ, మీలాంటి వాళ్ళ మెసేజ్ నా ఇన్‌బాక్స్‌కి కూడా వచ్చింది 2022లో.

చెల్లీ, నువ్వు 2011లో చిన్నపిల్లవి. కాలిఫోర్నియా ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది, ఆ జనవరిలో మూసేశారు. అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాలికి రేడియో ట్యాగ్ కట్టి తిప్పారు, మన పేపర్లలో ఫోటోలు వచ్చాయి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ కథ. అసలు అది కాలేజీయే కాదు, ఇమిగ్రేషన్ వాళ్ళే వలేసి పెట్టిన దుకాణం. క్లాసులు లేవు, మాస్టర్లు లేరు. చేరినవాళ్ళు దాదాపు 600 మంది. కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్ళు కాదు, ఇక్కడే ఏదో కాలేజీలో చదువుతూ ఫీజు తక్కువ, సీపీటీ ఉంది అని మారినవాళ్ళే చాలామంది. పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. వాళ్ళు కూడా మీకు అప్లికేషన్ ఫ్రీ అనే ఉంటారు.

మీ నాన్న భయపడే ఖల్లివెల్లి ఇదీ.

సీపీటీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మామూలు కాలేజీల్లో సీపీటీకి ఒక అకడమిక్ ఇయర్ నిండాలి. నువ్వు మసాచుసెట్స్‌లో చదివిన సెమిస్టర్‌ని టెక్సాస్ వాళ్ళు ఆ ఇయర్‌లో కలుపుతారా అని డీఎస్‌ఓని అడుగు. కలపకపోతే 2026 సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ పోయినట్టే.

ఇంకా, ఈ ఆగస్టులో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళు ఒక కొత్త నిబంధన ప్రతిపాదించారు, పీజీ వాళ్ళు మధ్యలో కాలేజీ మారడానికి వీల్లేకుండా కట్టడి చేసేది. ఇప్పటికి అది ప్రతిపాదనే. కానీ తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్ళు అది కూడా మనసులో పెట్టుకోవాలి.

చలిలో_చారు
2025 డిసెంబర్ 12

నేను మారకుండా ఉండిపోయినదాన్ని. మసాచుసెట్స్‌లోనే, 2024లో ఎంఎస్ అయింది, ఇప్పుడు ఓపీటీలో (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) ఉన్నా.

చెల్లెమ్మా, నీ లెక్కలో ఒక మనిషి లేదు. నువ్వే. క్యాంపస్‌లో పని చేస్తున్నావా లేదా? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

ధర్మపురి_పిల్ల
2025 డిసెంబర్ 12

చేస్తున్నా అక్కా, డైనింగ్ హాల్‌లో. వారానికి 12 గంటలు, గంటకి 15. అది ఖర్చులకి పోతుంది కాబట్టి లెక్కలో పెట్టలేదు.

చలిలో_చారు
2025 డిసెంబర్ 12

అదే అడిగింది. ఖర్చులకి పోవడం అంటే ఆ మేరకు లోన్ నుంచి తీయకపోవడమే కదా!

మసాచుసెట్స్‌లో కనీస వేతనమే 15. టెక్సాస్‌లో 7.25. అక్కడ క్యాంపస్ జాబ్ దొరికితే కొంచెం ఎక్కువే ఇస్తారు, కానీ ఒక్క పోస్టుకి మన పిల్లలే రెండు వందల మంది క్యూలో ఉంటారు, జనవరిలో కొత్తగా దిగినవాళ్ళకి దొరకడం కష్టం. ఇక్కడ ఇంకా మూడు సెమిస్టర్లు, 48 వారాలు, వారానికి 180 అంటే 8,640 డాలర్లు. అది వదిలేసుకుని వెళ్తున్నావు.

ఇప్పుడు లెక్క వేద్దాం. స్కాలర్‌షిప్ రాలేదనుకుందాం. ఫీజులో మిగిలేది 4,650, రూమ్ తిండిలో 5,950, కలిపి 10,600. పోయేది ఉద్యోగం 8,640. లీజు మధ్యలో వదిలితే సబ్‌లీజ్ దొరికేదాకా అద్దె, డల్లాస్ టికెట్, కొత్త డిపాజిట్, పరుపు, ఒక 1,500 అనుకో. చేతిలో మిగిలేది 460 డాలర్లు. నాలుగు వందల అరవై! దీనికోసమా నిద్ర మానుకున్నది?

స్కాలర్‌షిప్ వస్తే మాత్రం 13,360. అది 12 లక్షలు. తాతయ్యగారి లెక్కలో నెలకి 16 వేలు తగ్గుతుంది, పదేళ్ళు. అది చిన్నది కాదు, నేనే అయితే ఎగురుకుంటూ వెళ్తా. అంటే నీ ప్రశ్న కాలేజీ మారాలా వద్దా అన్నది కాదు. ఆ వెయ్యి డాలర్ల కాగితం ఉందా లేదా, అంతే.

వడ్డీ_లెక్కల_తాతయ్య
2025 డిసెంబర్ 12

ఈ అమ్మాయి బ్యాంకులో ఉండాల్సింది.

కరీంనగర్_టు_కాన్సస్
2025 డిసెంబర్ 13

స్ప్రింగ్ మసాచుసెట్స్‌లోనే చదివేసి, తీరిగ్గా ఫాల్‌కి (ఆగస్టు సెమిస్టర్‌కి) స్కాలర్‌షిప్‌తో మారొచ్చు కదా? తొందరెందుకు?

ఇర్వింగ్_నైట్_షిఫ్ట్
2025 డిసెంబర్ 13

కుదరదు బ్రో. స్ప్రింగ్ అయ్యేసరికి ఆమెకి 18 క్రెడిట్లు అవుతాయి, మసాచుసెట్స్‌లో మిగిలేది 18, అంటే 26,100. టెక్సాస్‌లో తీసుకునేది 6 లేదా 9. ఆరే తీసుకుంటే మళ్ళీ 30 చదవాలి. స్కాలర్‌షిప్ వచ్చినా 21,600, పైగా టైమ్ కూడా ఎక్కువ. కట్టిన క్రెడిట్లు ఎంత పెరిగితే మారడంలో లాభం అంత తగ్గుతుంది. ఇప్పుడు కాకపోతే ఇక ఆ మాటే అనవసరం.

ధర్మపురి_పిల్ల
2025 డిసెంబర్ 17

అందరికీ అప్‌డేట్. పరీక్షలు అయిపోయాయి.

కోఆర్డినేటర్ నుంచి జవాబు వచ్చింది. 6 క్రెడిట్లు తీసుకుంటారు, ప్రోగ్రామింగ్ క్లాసు తీసుకోరు. అన్న చెప్పింది చెప్పినట్టే. సమ్మర్ కోర్సులు ఫిబ్రవరిలో ప్రకటిస్తారట. స్ప్రింగ్ స్కాలర్‌షిప్‌లు ఇచ్చేశారు. ఫాల్‌కి మార్చిలో అప్లై చేయొచ్చు, "మంచి జీపీఏ ఉన్నవాళ్ళకి అవకాశాలు బాగుంటాయి" అని రాశారు. ఆ వాక్యాన్ని నేను ఒక ఇరవై సార్లు చదివి ఉంటాను.

ఆశతో ఇంకో లెక్క వేశాను. స్ప్రింగ్, సమ్మర్ కలిపి 12 క్రెడిట్లు 1,150 చొప్పున, తర్వాత 18 క్రెడిట్లు 720 చొప్పున, మొత్తం 26,760. ఇక్కడికంటే 12,390 తక్కువ. ఉద్యోగం, ప్రయాణం తీసేసి, రూమ్ ఆదా కలిపితే 8,200. ఏడు లక్షల పైనే. ఫాల్‌లో వస్తే! రాకపోతే అక్క చెప్పిన 460.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తాతయ్యగారు చెప్పాక ఇక దాచడం కుదరదని తెలిసింది. నేను అనుకున్నట్టు ఖల్లివెల్లి అనలేదు. అంతా విన్నాడు. "కాయిదాలు సాఫ్ ఉంటయా?" అని అడిగాడు. ఉంటాయి, అంతా లీగలే అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

2008లో ఆయన ఒక కంపెనీ మారాడట. పాతచోట జీతం 1,100 దిర్హాములు, కొత్త కంపెనీ ఫోర్‌మన్ 1,600 అన్నాడు, ఓవర్‌టైమ్ వేరే అన్నాడు. అంతా సక్రమంగానే, పాస్‌పోర్ట్, వీసా, అన్నీ మార్పించుకునే వెళ్ళాడు. ఆ 1,600 మాత్రం కాగితం మీద లేదు. ఆ చలికాలమే దుబాయ్‌లో కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏడు నెలలు క్యాంపులో కూర్చున్నాడు, జీతం లేదు. ఆ ఏడు నెలలూ ఇంటికి పైసలు ఎందుకు రాలేదో అమ్మకి చెప్పలేదట, కంపెనీ లేటు చేస్తోందని చెప్పాడట. నాకప్పుడు ఆరేళ్ళు. స్కూల్ ఫీజు కట్టలేదని బెంచీ ఎక్కించిన రోజు ఒకటి నాకు గుర్తుంది, అది ఆ సంవత్సరమే అని ఇప్పుడు తెలిసింది.

"నోటి మాట మీద మారకు బిడ్డా. కాయిదం ఇస్తే పో, ఆ బ్యాంకోనికి నేను చెప్పుకుంట" అన్నాడు.

నేను మారట్లేదు. 8,200 డాలర్లు కోఆర్డినేటర్ నోట్లో ఉన్నాయి, నా చేతిలో లేవు. సమ్మర్ కోర్సు ఫిబ్రవరిలో, స్కాలర్‌షిప్ మార్చి తర్వాత, కానీ సెవిస్ రిలీజ్ జనవరి మొదట్లోనే. తలుపు ముందు మూసేసి తాళంచెవి తర్వాత ఇస్తామన్నట్టుంది.

ఇక్కడే ఏం తగ్గించుకోవచ్చో చూస్తున్నా. డైనింగ్ హాల్‌లో వచ్చే సెమిస్టర్ నుంచి 20 గంటలు ఇస్తామన్నారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి క్లాసులు నడిచే రోజుల్లో అదే పరిమితి. ఆ ఎక్కువ 8 గంటలకి వారానికి 120, మూడు సెమిస్టర్లలో 5,760 డాలర్లు. కాలేజీ మారకుండానే అయిదు లక్షలు. ఇది ముందే ఎందుకు తట్టలేదో. స్టాటిస్టిక్స్ మేడం గ్రేడర్ (పేపర్లు దిద్దేవాళ్ళు) కావాలి అన్నారు, అడిగాను. బ్యాంకుని ఈసారి ఫీజు మాత్రమే పంపమన్నాం, ఖర్చుల డబ్బు వద్దన్నాం.

శాంక్షన్ లెటర్ ఫోటో నాన్న పంపాడు. తాతయ్యగారూ, నాలుగో పేజీలో ఉంది మీరు చెప్పిన షరతు, చదువుకునే కాలంలో వడ్డీ కడితే ఒక శాతం తగ్గింపు. మేనేజర్‌ని అడిగితే మొదటి నెల నుంచీ కట్టి ఉండాల్సింది అన్నాడట. ఇప్పటిదాకా పేరుకున్నది కట్టేస్తే ఇస్తారా?

ఇర్వింగ్_నైట్_షిఫ్ట్
2025 డిసెంబర్ 17

నేనైతే వచ్చేసేవాణ్ణి. 3.8 జీపీఏ ఉన్నవాళ్ళకి ఫాల్‌లో చాలావరకు వస్తుంది, మా బ్యాచ్‌లో నాకు వచ్చింది. కానీ నాకు ఇర్వింగ్‌లో బాబాయి ఇల్లు ఉంది, రాకపోతే సోఫా ఉంది. నీకు లేదు. మీ నాన్న ఏడు నెలల సంగతి చదివాక నేనింక ఏమీ అనను.

వడ్డీ_లెక్కల_తాతయ్య
2025 డిసెంబర్ 18

అడగండి, కానీ నోటితో కాదు, ఉత్తరం రాసి. ఆగస్టు నుంచి పడిన వడ్డీ మొత్తం ఒకేసారి కడతాం, ఇకపై నెలనెలా కడతాం, రాయితీ వర్తింపజేయండి అని. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోమనండి. నాలుగు నెలల వడ్డీ 52 వేల దాకా ఉంటుంది. మేనేజరు కాదంటే రీజినల్ ఆఫీసుకి అదే ఉత్తరం. మీ నాన్నగారికి కాగితం విలువ నేను చెప్పనక్కర్లేదు.

ధర్మపురి_పిల్ల
2025 డిసెంబర్ 18

సరే తాతయ్యా, ఉత్తరం ఈ రాత్రికే రాసి నాన్నకి వాట్సాప్ చేస్తా, పొద్దున ప్రింట్ తీయించుకుంటాడు. చారు అక్కా, గ్రేడర్ పోస్టుకి రెజ్యూమే ఎలా పెట్టాలో నీకు మెసేజ్ చేశాను, వీలైతే చూడు. నాకు ఆరింటికి షిఫ్ట్ ఉంది, మిగతా మెసేజ్‌లకి రేపు జవాబిస్తా.